బీర్-బిల్లింగ్ టాండెం పారాగ్లైడింగ్

బీర్-బిల్లింగ్ హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రం కాంగ్రా జిల్లాలో, ధౌలాధార్ పర్వతశ్రేణి వద్ద ఉన్న ప్రసిద్ధ పారాగ్లైడింగ్ కేంద్రము. 2015లో ఇక్కడ పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీలు జరిగాయి. సుమారు 2,400 మీటర్ల ఎత్తున గల బిల్లింగ్ నుండి ఎగిరి, దాదాపు 1,000 మీటర్ల దిగువన ఉన్న బీర్‌లో దిగుతారు. వర్షాకాలంలో ఎగరడం నిషిద్ధం.

శిక్షణ లేనివారు పైలట్‌తో కలిసి ఒకే రెక్క క్రింద ఎగరడాన్ని టాండెం పారాగ్లైడింగ్ అంటారు. ప్రయాణికుడు ముందు, పైలట్ వెనుక ఉంటారు. ప్రయాణికుడు చేయవలసిన పని దాదాపు ఒక్కటే: రెక్క గాలితో నిండి తలపైకి లేచాక వాలులో ఆగకుండా పరుగెత్తడం. కాళ్ళు నేలను వదలకముందే కూర్చుంటే తగిన వేగం అందక ఇద్దరూ పడిపోవచ్చు. అంతకంటే ముఖ్యమైనవి తొడల చుట్టూ బిగించే పట్టీలు. వీటిని మరచి ఎగిరినవారు సీటులోనుండి జారిపడి మరణించిన సంఘటనలు ఈ క్రీడలో ఉన్నాయి. కనుక పైలట్ సరిచూసినా ప్రయాణికుడు కూడా వాటిని లాగి చూసుకోవాలి.