హార్డువేరు భద్రతా ప్రమాణాలు - మదుపరుల ఊహాగానాలు

హార్డువేరు భద్రత అనగా రహస్య తాళాలను, సంకేతపదాలను సాఫ్ట్‌వేరుకు వదలిపెట్టకుండా చిప్పులోనే భద్రపరచే పద్ధతి. ఇటువంటి చిప్పులు ఎలా పనిచేయాలో నిర్ణయించే ప్రమాణాలను పలు కంపెనీలు కలిసి రూపొందిస్తాయి. అందుచేత ఒక చిన్న కంపెనీ ఒక పెద్ద కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్నదని తెలియగానే షేరు మార్కెట్టులో ఊహాగానాలు మొదలవుతాయి. అయితే ప్రమాణం నెగ్గినంత మాత్రాన దానిని నమ్ముకున్న ప్రతి కంపెనీ నెగ్గదు. ఈ రంగపు సంస్థలు అనేకం హైదరాబాదులోని సైబరాబాదు ప్రాంతంలో ఉండటం వలన ఇది తెలుగు మదుపరులకూ సంబంధించిన విషయమే.

ప్రమాణం

1999లో కంపాక్, హెచ్‌పీ, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఒక కూటమిగా ఏర్పడ్డాయి. 2003లో దాని స్థానంలో ట్రస్టెడ్ కంప్యూటింగ్ గ్రూప్ వచ్చింది. ఈ సంస్థ నిర్దేశించినదే ట్రస్టెడ్ ప్లాట్‌ఫామ్ మాడ్యూల్ (టీపీఎం). కంప్యూటరును ఆన్ చేసినప్పుడు నడిచే తొలి ప్రోగ్రాముల కొలతలు ఇందులో నమోదవుతాయి. ఎవరైనా వాటిని మార్చి ఉంటే కొలతలు సరిపోవు, డిస్కును తెరిచే తాళం బయటికి రాదు. 2009లో ఇది 11889 సంఖ్యతో అంతర్జాతీయ ప్రమాణం అయింది. రుసుము చెల్లించి ఏ కంపెనీ అయినా ఈ గ్రూపులో చేరవచ్చు కనుక, సభ్యత్వాన్ని రాబోయే ఆదాయానికి గుర్తుగా భావించరాదు.

వేవ్ సిస్టమ్స్ ఉదాహరణ

అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన వేవ్ సిస్టమ్స్ టీపీఎంను వాడుకునే సాఫ్ట్‌వేరును తయారుచేసేది. 2003లో ఇంటెల్‌తో ఒప్పందాన్ని ప్రకటించినప్పుడు దాని షేరు ధర ఒక్కసారిగా పెరిగింది. ప్రతి కంప్యూటరులోనూ ఈ చిప్పు ఉంటుందని, ప్రతి చిప్పుకూ వేవ్‌కు కొంత సొమ్ము ముడుతుందని ఆశపడిన చిన్న మదుపరులు ఆ షేర్లను ఏళ్ళ తరబడి అట్టిపెట్టుకున్నారు. వారి ఊహలో మొదటి సగం నిజమైంది. రెండవ సగం కాలేదు. డిస్కును రక్షించే బిట్‌లాకర్‌ను మైక్రోసాఫ్ట్ 2007లో విండోస్ విస్టాలోని కొన్ని రకాలతో కలిపే ఇచ్చింది. తరువాతి కాలంలో ఇంటెల్, ఏఎండీలు టీపీఎం పనిని తమ ప్రాసెసర్లలోకే తెచ్చుకున్నాయి. వేవ్ 2016 ఫిబ్రవరిలో దివాలా పిటిషను వేసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 తప్పనిసరి అని మైక్రోసాఫ్ట్ ప్రకటించినది 2021లో, అంటే ఆ కంపెనీ కథ ముగిసిన ఐదేళ్ళకు!

హైదరాబాదులో

2020 నవంబరులో మైక్రోసాఫ్ట్ తన ప్లూటాన్ భద్రతా ప్రాసెసరును ఏఎండీ, ఇంటెల్, క్వాల్‌కామ్‌లతో కలిసి తెస్తున్నట్లు ప్రకటించింది. ఈ నాలుగింటికీ హైదరాబాదులో కేంద్రాలు ఉన్నాయి. 1998లో ప్రారంభమైన మైక్రోసాఫ్ట్ కేంద్రం వీటిలో పాతది. కానీ ఈ కేంద్రాలేవీ ఇక్కడి స్టాక్ ఎక్స్ఛేంజీలలో విడిగా నమోదు కాలేదు. వాటి లాభనష్టాలు మాతృసంస్థల లెక్కలలో కలుస్తాయి. గచ్చిబౌలిలో కొత్త భవనం లేచిందని స్థానిక చిప్పు కంపెనీ షేరు కొనడానికి ఆధారం లేదు.

అటువంటి స్థానిక కంపెనీలలో 1999లో ఏర్పడిన మాస్‌చిప్ ఒకటి. ప్రభుత్వ సంస్థ సీడాక్ తలపెట్టిన 'ఔమ్' ప్రాసెసరు రూపకల్పనలో మాస్‌చిప్, జపానుకు చెందిన సోషియోనెక్స్ట్‌తో పాటు భాగస్వామి అయినట్లు 2024లో ప్రకటన వెలువడింది. ఇటువంటి ప్రకటనలలో గమనించవలసినది రూపకల్పన పనికి ఇచ్చే ప్రతిఫలానికీ, చిప్పుల అమ్మకంపై వచ్చే వాటాకూ గల తేడా. మొదటిది పని ముగియగానే ఆగిపోతుంది.

అవగాహన ఒప్పందానికి ఇంకా తక్కువ విలువ. ఏఎండీ సాంకేతిక సహకారంతో సుమారు 300 కోట్ల డాలర్ల చిప్పుల కర్మాగారాన్ని నెలకొల్పుతామని సెమ్‌ఇండియా 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది. శంషాబాదు విమానాశ్రయానికి సమీపంలో ఫ్యాబ్ సిటీకి స్థలం కేటాయించబడింది. కర్మాగారం మాత్రం రాలేదు.

వదంతులపై సెబీ నిబంధన

ప్రధాన ప్రసార మాధ్యమాలలో వచ్చిన వదంతి వలన షేరు ధర గణనీయంగా కదిలితే, కంపెనీ 24 గంటలలోగా దానిని ధ్రువీకరించాలి, ఖండించాలి లేదా వివరణ ఇవ్వాలి. ఈ నియమం మార్కెట్ విలువ ప్రకారం తొలి 100 కంపెనీలకు 2024 జూన్ 1 నుండి, తొలి 250 కంపెనీలకు అదే ఏడాది డిసెంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ వరుసలోకి రాని చిన్న కంపెనీలకు ఇది తప్పనిసరి కాదు. ఒప్పందాల వదంతులకు ఎక్కువగా ఊగిసలాడేవి మాత్రం వాటి షేర్లే.