కరెంటు బిల్లు కట్టకపోవడమూ హింసే

గృహహింస కేసుల్లో అన్నిటికంటే ముందు నిండే కాగితం ఫారం–1. రక్షణ అధికారి బాధితురాలిని అడిగి రాసుకుని మేజిస్ట్రేటుకు పంపే నివేదిక అది. కొట్టడం, తిట్టడం, కట్నం కోసం వేధించడం అందులో ఎలాగూ ఉంటాయి. ఆగి చదవాల్సింది ఆర్థిక హింస అన్న భాగం. ఇంటి ఖర్చులకు డబ్బివ్వకపోవడం. తిండి, బట్ట, మందులు అందకుండా చేయడం. ఇంట్లోంచి వెళ్లగొట్టడం. ఇంట్లోనే ఫలానా గదిలోకి రానివ్వకపోవడం. పనికి వెళ్లనివ్వకపోవడం. వెళ్తే జీతం లాక్కోవడం. చెప్పాపెట్టకుండా స్త్రీధనం అమ్మేయడం, తాకట్టు పెట్టేయడం. అద్దె ఇల్లయితే అద్దె ఎగ్గొట్టడం. చివరికి కరెంటు బిల్లు కట్టకపోవడం కూడా. ఈ ఫారం రాసినవాళ్లెవరో గానీ సంసారం ఎక్కడ తెగుతుందో వాళ్లకు బాగా తెలుసు. ఆడవాళ్లకు నీడ అనగానే ఆశ్రయ గృహం కట్టించడమే గుర్తొస్తుంది. ఈ కాగితం చదివాక మాత్రం భవనం మీద నమ్మకం సన్నగిల్లుతుంది. అద్దె, జీతం, తాకట్టు, బిల్లు: జాబితాలో చాలావరకు వ్యాపారి రోజూ చూసే వ్యవహారాలే. అనకాపల్లి జిల్లా ఎస్. రాయవరం లాంటి మండలంలో ఆడమనిషికి నీడ కల్పించాలనుకున్న వ్యాపారి కట్టాల్సింది గోడలు కాదు, అద్దె.

ఇప్పుడున్న నీడ ఎంతో ముందు చూద్దాం. 2015లో మొదలైన సఖి వన్ స్టాప్ కేంద్రాల్లో తలదాచుకోగలిగేది మామూలుగా అయిదు రోజులు. ఆ తర్వాతి మెట్టు స్వధార్ గృహం. 2022లో మిషన్ శక్తి వచ్చాక అది శక్తి సదన్‌లో కలిసిపోయింది. పాత స్వధార్ నిబంధనల ప్రకారం తల్లితోపాటు కూతురు 18 ఏళ్ల దాకా ఉండగలిగేది, కొడుకు 8 ఏళ్ల దాకానే. అంటే అప్పట్లో తొమ్మిదేళ్ల మగపిల్లాడున్న తల్లి, వాణ్ని ఎవరింట్లో వదలాలో తేల్చుకున్నాకే గడప దాటాల్సి వచ్చేది. అద్దె గదికి అలాంటి పేచీ లేదు. దానికి వేరే పేచీలున్నాయి: చేతిలో అడ్వాన్సు, 'మీ ఆయన ఏం చేస్తాడమ్మా' అన్న ప్రశ్నకు జవాబు, ఊళ్లో పేరున్న మనిషి పూచీ. మూడోదే గట్టి పేచీ. అడ్డరోడ్డులో కొట్టున్న షావుకారో, ఏటికొప్పాకలో లక్కబొమ్మల పని చేయించే ఆసామో 'మనకు తెలిసినామే, ఇవ్వండి' అంటే తెరుచుకునే తలుపు, ఆఫీసు ఉత్తరం చూపిస్తే తెరుచుకోదు. వ్యాపారి దగ్గర డబ్బుకన్నా విలువైన సరుకు ఈ మాట.

మొగుడు కట్టాల్సిన అద్దె షావుకారెందుకు కట్టాలి? న్యాయమైన ప్రశ్నే. ఆమెకు అదే స్థాయి వసతి వేరేచోట చూపించమనో, దానికి అద్దె కట్టమనో భర్తను ఆదేశించే అధికారం గృహహింస చట్టం 19వ సెక్షను మేజిస్ట్రేటుకు ఇచ్చింది. మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో కేసు తేల్చడానికి ప్రయత్నించాలనీ చట్టంలో ఉంది. ప్రయత్నించాలని మాత్రమే ఉంది. ఇంటి ఓనరు ఒకటో తారీఖున ప్రయత్నంతో సరిపెట్టుకోడు కదా. ఆ మధ్య నెలల్ని ఎవరో మోయాలి. ఉత్తర్వు వచ్చాక తిరిగి జమ చేసుకునే చేబదులుగా ఇచ్చినా చాలు. పైగా ఈ చట్టానికి వ్యాపారి బయటివాడేమీ కాదు. 20వ సెక్షనులో ఆరో ఉపవిభాగం చూడండి. భర్త సొమ్ము కట్టకుండా మొండికేస్తే అతని యజమానిని గానీ, అతనికి బాకీ ఉన్నవాణ్ని గానీ, ఆ జీతంలో, ఆ బాకీలో కొంత నేరుగా భార్యకే ఇవ్వమనో, కోర్టులో జమ చేయమనో మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. జీతమంటే అచ్యుతాపురం, నక్కపల్లి ఫ్యాక్టరీలు. బాకీ అన్న మాట ఈ జిల్లాలో ఇంకా లోపలికి వెళ్తుంది. రైతైన భర్త దింపిన బెల్లం దిమ్మలకు అనకాపల్లి కమీషన్ వ్యాపారి ఇంకా లెక్క చెల్లించలేదనుకోండి, ఆయనా ఈ సెక్షను కిందికి రావచ్చు. కోర్టు కాగితం వచ్చేదాకా ఆగి ఆ పని చేయడానికీ, ముందే ఆమె పక్షాన పూచీ నిలబడడానికీ మధ్య దూరం పెద్దదేం కాదు.

పెద్ద కంపెనీలకు దారి ఇంకా సులువు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయమంది, అదీ తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమిచ్చి. ఆ ఖర్చుకు తగిన పనుల జాబితాలో మహిళలకు గృహాలు, హాస్టళ్లు పేరుపెట్టి మరీ ఉన్నాయి. జాబితాను విశాలంగా అర్థం చేసుకోమని కంపెనీ వ్యవహారాల శాఖ 2014లోనే చెప్పింది గనుక, అద్దె సాయాన్నీ అందులో పట్టించవచ్చని వాదించే వీలుంది. అయినా ఊళ్లలో కంటికి కనబడేది ఆర్వో ప్లాంటు, బస్ షెల్టరు. కారణం ఊహించడం కష్టం కాదు: వాటి మీద పేరు రాయొచ్చు. ఆశ్రయ గృహానికి బోర్డు పెట్టి, రిబ్బను కత్తిరించి, పేపర్లో ఫొటో వేయిస్తే మొదట చూసేది ఆమెను వెతుక్కుంటున్న మనిషి. కాబట్టి దాత పేరు ఎంత తక్కువ వినిపిస్తే సాయం అంత పనికొస్తుంది. ఇంకో మెలిక ఉంది. సొంత ఉద్యోగుల మేలుకు పెట్టే ఖర్చు సామాజిక బాధ్యత లెక్కలోకి రాదు. అచ్యుతాపురంలోని బ్రాండిక్స్‌లో పనిచేసేవాళ్లలో అత్యధికులు ఆడవాళ్లే. అలాంటి పరిశ్రమ తన మిషను మీద కూర్చున్న మనిషికి సాయం చేయాలంటే మామూలు ఖాతాలోంచే చేయాలి. షిఫ్టు మార్చడం, ఆమె పేరు మీదే ఉన్న ఖాతాలో జీతం వేయడం, ఒక నెల ముందుగా ఇవ్వడం లాంటివన్నమాట.

'కాపురాలు కూలుస్తున్నారు' అన్న మాట తప్పకుండా వస్తుంది. పుట్టిల్లుంది కదా అనీ అంటారు. అన్నావదినల ఇంట్లో ఓ మూల ఎన్నాళ్లు దొరుకుతుందో ఆ మాట అన్నవాళ్లకూ తెలుసు. వెళ్లడానికి చోటులేక తిరిగి వెళ్లినామెను 'సర్దుకుంది' అంటారు గానీ అది రాజీ కాదు. చేతిలో గది తాళం ఉన్న మనిషి వెనక్కి వెళ్తే, అది ఆమె నిర్ణయమని నమ్మొచ్చు. కొట్టు ముందుకొచ్చి గొడవ చేస్తారన్న భయం మాత్రం కొట్టిపారేయలేం. నలుగురైదుగురు కలిసి డబ్బు వేసి రక్షణ అధికారి ద్వారా నడిపిస్తే ఎవరి పేరూ బయటపడదు. గది ఎస్. రాయవరంలోనే ఉండాలనీ లేదు. అందరికీ అందరూ తెలిసిన ఊళ్లో ఉండకపోవడమే మేలు. డబ్బు ఇక్కడిది, గది విశాఖలోనో తునిలోనో.

చరిత్ర రెండు ముక్కల్లో. 1862లో గురజాడ పుట్టింది ఎస్. రాయవరంలోనే. ఆయన నాటకం కన్యాశుల్కంలో వితంతువు బుచ్చమ్మకు చివరికి దొరికిన ఆసరా పూనాలోని విడోస్ హోమ్. అంతకు ముందే, 1881లో రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వెనక డబ్బు నిలబెట్టింది కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య. దండలు సంస్కర్తకు పడ్డాయి, ఖర్చు వర్తకుడికి.

దగ్గర ఉంచుకోండి

మహిళా హెల్ప్‌లైన్ 181, పోలీసు 112. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం దొరుకుతుంది, నంబరు 15100.

ఉమ్మడిగా కాపురమున్న ఇల్లు ఆమె పేరు మీద లేకపోయినా అందులో ఉండే హక్కు ఆమెకుంది (గృహహింస చట్టం 17వ సెక్షను). అత్తమామల పేరున్న ఇంటికీ ఇది వర్తించవచ్చని సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 15న సతీశ్ చందర్ అహుజా కేసులో చెప్పింది.

రక్షణ ఉత్తర్వును భర్త మీరితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.