లినక్సు : పలువురు వ్రాయు వ్రాతకు కావలి

పదిమంది చేయిపెట్టిన పని చెడునని కొందఱును, పదిమంది కలిసినచో కాని పని లేదని కొందఱును చెప్పుదురు. ఈ రెంటిలో నేది నిజమో తెలిసికొనుటకు లినక్సు చక్కని నిదర్శనము. కావున దాని నిర్వహణ పద్ధతిని గూర్చి పాఠకులకు నాలుగు మాటలు తెలుప నెంచితిమి.

కంప్యూటరు పనిచేయుటకు వరుసగా వ్రాసి యిచ్చు ఆజ్ఞలకు కోడు అని పేరు. దానిని దాచక, ఎవరైనను చదువుటకును, దిద్దుటకును, పంచుటకును అనుమతించినచో అది ఓపెన్ సోర్సు అనబడును. 1991వ సంవత్సరమున ఫిన్లండు దేశమందలి హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ తాను వ్రాసిన కోడును లోకము ముందుంచెను. అదియే లినక్సు. నేడు మన యిండ్లలోని ఆండ్రాయిడు ఫోనులకు అదియే ఆధారము.

దీనికి వేలకొలది జనులు దిద్దుబాట్లు పంపుచుందురు. దిద్దుబాటునకు ప్యాచ్ అని పేరు. పంపువాడు ఏమి మార్చెనో, ఏల మార్చెనో వివరించి, ఈ-మెయిలు మూలమున అందఱును చదువునట్లు పంపవలెను. పెద్ద మార్పును చిన్న చిన్న భాగములుగా విడగొట్టవలెను. ఒక్కొక్క భాగము ఒక్క పనినే చేయవలెను. ఇట్లు చేసినచో తప్పు ఎచ్చట నున్నదో కనుగొనుట సులభము.

చెఱువు తూమును కాచువాడు ఎంత నీరు విడువవలెనో చూచునట్లు, లినక్సునందలి ప్రతి విభాగమునకును మెయింటెయినరు అను కావలివాడు గలడు. అతడు ప్యాచును పరీక్షించి ప్రశ్నలు వేయును. పంపినవాడు సవరించి మరల పంపును. అంగీకృతమైనవి తుదకు టోర్వాల్డ్స్ వద్దకు చేరును. తొమ్మిది పది వారముల కొకమాఱు క్రొత్త కూర్పు వెలువడును. అందు మొదటి రెండు వారములు మాత్రమే క్రొత్త మార్పులు చేర్తురు. తక్కిన కాలమంతయు తప్పులు దిద్దుటకే. 2004 నుండి ప్రతి ప్యాచు క్రిందను, దాని నిచ్చు హక్కు తనకు గలదని పంపువాడు చేవ్రాలు చేయుచున్నాడు. 2005లో టోర్వాల్డ్స్ రచించిన గిట్ అను సాధనము, ఏ పంక్తిని ఎవరు, ఎప్పుడు మార్చిరో భద్రపఱచును.

చర్చకును మర్యాద గలదు. కోడును విమర్శింపవచ్చును గాని మనిషిని నొప్పింపరాదు. టోర్వాల్డ్స్ సయితము తన పరుష వాక్కులకు 2018లో బహిరంగముగా క్షమాపణ చెప్పి, కొంతకాలము పనినుండి తొలగి యుండెను. ఆ సంవత్సరమే లినక్సు సంఘము క్రొత్త నడవడి నియమములను స్వీకరించెను.

ఇంత కావలి యేల యని యడుగవచ్చును. ఎక్స్‌జెడ్ అను వేఱొక చిన్న ప్రోగ్రాము పలు లినక్సు కంప్యూటరులలో చేరియున్నది. దానిని చిరకాలము ముఖ్యముగా ఒక్కడే తన తీరిక వేళలందు కాపాడుచుండెను. పని యాలస్యమగుచున్నదని కొందఱు అతనిని పీడించిరి. ముఖమెఱుగని యొక సహాయకుడు రెండేండ్లకు పైగా మంచి ప్యాచులు పంపి, నమ్మకము సంపాదించి, తానును కావలివాడై, 2024లో దొంగదారి యొకటి అందు చొప్పించెను. కంప్యూటరులో ప్రవేశించుటకు అరసెకను ఆలస్యమగుటను గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, కారణము వెదకి, మార్చి నెలలో దానిని బయలుపఱచెను. అది లోకమంతట వ్యాపింపక పూర్వమే ఆపద తప్పెను.

దీనివలన రెండు సంగతులు తెలియుచున్నవి. తలుపు తెఱచియున్నందుననే దొంగయు రాగలిగెను, వానిని పట్టువాడును రాగలిగెను. కావలివాడు అలసి ఒంటరియైనప్పుడు మాత్రము ఎంత మంచి నియమమైనను నిలువదు.

విద్యార్థులారా! కోడు వ్రాయ నేర్వని వారును ఇట్టి సంఘములకు తోడ్పడవచ్చును. కనిపించిన దోషమును స్పష్టముగా తెలుపుట, క్రొత్త కూర్పును పరీక్షించుట, సూచనలను తెనిగించుట, ఇవన్నియు సేవలే. ఉచితముగా పనిచేయువానిని తొందరపెట్టుటకు ముందు, అతని భారములో కొంత మనము మోయగలమేమో యోచింతము.