మీకు తెలుసా? పేరుంది, లెక్క లేదు

కలిగిరి బస్టాండులో పక్కన కూర్చున్న పెద్దాయన్ని "ఏ ఊరు పెద్దాయనా?" అని అడిగాను. "కొండాపురం" అన్నాడు. కొండాపురంలో ఎక్కడ అంటే నవ్వాడు. "కొండాపురం కాదులే అబ్బాయ్, ఆ పక్కన పల్లె. పేరు చెప్తే మాత్రం నీకు తెలస్తదా ఏంది?"

నెల్లూరు జిల్లా మెట్టలో ఇది రోజూ వినే మాటే. కలిగిరిలో ఉంటే కొండాపురం అంటారు, కావలి దాటితే ఉదయగిరి వైపు అంటారు, హైదరాబాదులో అడిగితే ఒక్క మాటలో నెల్లూరు అనేస్తారు. ఊరు దూరమయ్యేకొద్దీ పేరు పెద్దదవుతుంది.

మీకు తెలుసా, మన జనాభా లెక్కల పుస్తకం కూడా అచ్చం ఆ పెద్దాయన లాగే జవాబిస్తుంది. 2011 జనగణనలో గ్రామం అంటే రెవెన్యూ గ్రామం. అంటే సర్వే నంబర్లతో, పొలిమేర రాళ్లతో కొలిచిన హద్దు. ఆ హద్దులో నడిమి ఊరు ఒకటుంటుంది, చుట్టూ మూడో నాలుగో పల్లెలు, ఒక ఎస్సీ కాలనీ, చెరువు కట్ట కింద నాలుగు యానాది గుడిసెలు ఉంటాయి. ఎన్యూమరేటరు అన్నిటికీ వెళ్తాడు, ప్రతి గడపా ఎక్కుతాడు, ప్రతి మనిషినీ రాసుకుంటాడు. అచ్చులోకి వచ్చేసరికి మాత్రం ఆ మనుషులంతా పెద్ద ఊరి పేరు కింద ఒకే అంకె. రికార్డుల్లో అలాంటి పల్లెకు మజరా అని పేరు, శివారు గ్రామమనీ అంటారు. దానికి గుడి ఉండొచ్చు, బడి ఉండొచ్చు, తిరునాళ్లు కూడా ఉండొచ్చు. అచ్చయిన పట్టికలో దాని పేరున ఒక వరుస మాత్రం ఉండదు.

పంచాయతీ సంగతి వేరే. ఒక పంచాయతీలో రెండు రెవెన్యూ గ్రామాలు ఉండొచ్చు, ఒకే రెవెన్యూ గ్రామంలో రెండు పంచాయతీలూ ఉండొచ్చు. జనాభాను బట్టి 5 నుంచి 21 దాకా వార్డులుంటాయి. మజరాకు దక్కేది అందులో ఒక వార్డో, సగం వార్డో. తెలంగాణ 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం తెచ్చి, 500 జనాభా దాటిన పల్లెలను, తండాలను విడిగా పంచాయతీలు చేసింది. వెయ్యికి పైగా తండాలకు సొంత సర్పంచి వచ్చాడు. రాష్ట్రంలో పంచాయతీలు 12,751 అయ్యాయి. అంతకుముందు రోజు దాకా ఆ తండాలన్నీ ఏదో ఒక ఊరి శివార్లే.

అమెరికాలోనూ ఇదే తంతు. మున్సిపాలిటీగా నమోదు కాని ఊళ్లు అక్కడ వేలల్లో ఉన్నాయి. వాటికి మేయరు ఉండడు, కౌన్సిలు ఉండదు, రోడ్డు వేయాలన్నా పోలీసు రావాలన్నా చాలావరకు కౌంటీయే (మన జిల్లా లాంటిది) దిక్కు. చాలా వాటికి ఊరనే గుర్తింపు తెచ్చింది ఒక పోస్టాఫీసో, రైలు ఆగే చోటో, నాలుగు దారుల కూడలో. అందరూ ఒక పేరుతో పిలిచే నమోదు కాని ఊళ్లలో కొన్నిటికి సెన్సస్ వాళ్లే కాగితం మీద గీత గీసి విడిగా లెక్క ఇస్తారు. గీత గీయని ఊరి జనం కౌంటీ మొత్తంలో కలిసిపోతారు. 1950 జనగణన నుంచి ఏదో ఒక రూపంలో ఈ ఏర్పాటు ఉంది. మన మజరాలకు అలాంటి గీతైనా లేదు.

నమోదు కానిదంటే చిన్నదే అయ్యుంటుందనుకుంటాం కదా. లాస్ వేగస్ పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆ కేసినోల వీధిలో చాలా భాగం లాస్ వేగస్ నగరంలో లేదు! పక్కనే ఉన్న ప్యారడైజ్ అనే నమోదు కాని ఊళ్లో ఉంది. విమానాశ్రయమూ అక్కడే. లాస్ వేగస్‌కు స్వాగతం అంటూ ఫొటోల్లో కనిపించే బోర్డు కూడా నగరం బయటే పాతారు. నగరం తమను కలిపేసుకుని పన్నులు వేస్తుందన్న భయంతో 1950లో కేసినోల వాళ్లు కౌంటీని పట్టుకుని ఆ ప్రాంతాన్ని విడి ఊరుగా ప్రకటింపజేసుకున్నారు. 2020 లెక్కల్లో అక్కడి జనం లక్షా 91 వేల పైచిలుకు. మన పెద్దాయన మొహమాటానికి కొండాపురం అన్నాడు. వాళ్లు పన్ను తప్పించుకోను ప్యారడైజ్ అన్నారు, వ్యాపారానికి మాత్రం వేగస్ అంటారు.

దీనికి తిరగబడ్డ కథ నెబ్రాస్కాలోని మొనోవి. పద్ధతిగా నమోదైన గ్రామం, 2010 లెక్కల్లో ఉన్నది ఒకే ఒక్క పెద్దావిడ. మేయరు ఆవిడే, గుమాస్తా ఆవిడే, ఊరి బారు నడిపేదీ ఆవిడే. 2020 లెక్కల్లో ఇద్దరున్నట్టు అచ్చయింది. రెండో మనిషి ఎక్కణ్ణుంచీ రాలేదు. మనుషుల వివరాలు బయటపడకుండా అమెరికా సెన్సస్ వాళ్లు చిన్న అంకెలను కావాలనే కొంచెం అటూ ఇటూ కదుపుతారు, అందులో పుట్టిన మనిషి.

మళ్లీ మెట్టకు వద్దాం. ఇక్కడ పల్లెలు ఎందుకిలా చెల్లాచెదురుగా ఉన్నాయంటే, నీళ్లే కారణం. వాన ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, ఈశాన్య రుతుపవనాల్లో పడుతుంది. పడమట వెలిగొండలు, తూర్పుకు వాలిన ఎర్రనేల, వానొస్తే తప్ప పారని వాగులు. ఎవరి చెరువు దగ్గర వాళ్లు, ఎవరి బావి దగ్గర వాళ్లు ఇళ్లు కట్టుకున్నారు. పెన్న కింద వరి పండే ఊళ్లలా వందల గడపలు ఒకే చోట కుదురుకునే వీలు లేదు. 2011లో జిల్లా మొత్తానికి చదరపు కిలోమీటరుకు 227 మంది అని సగటు తేల్చారు. కొండాపురం నుంచి ఉదయగిరి దాకా బస్సు కిటికీ పక్కన కూర్చుని చూస్తే ఆ 227 మంది ఎక్కడున్నారని అనుమానం వస్తుంది. ఊరి కంటే ముందు కనిపించేది పొగాకు బ్యారన్లు, మేకలు, జీవాలు.

మనుషుల మాట ఎలా ఉన్నా, పశువుల లెక్కలో మాత్రం కొండాపురం మండలం చిన్నదేం కాదు. చింతలదేవిలో జాతీయ కామధేను బ్రీడింగ్ సెంటరు ఉంది. దేశంలో ఇలాంటివి రెండే, రెండోది మధ్యప్రదేశ్‌లోని ఇటార్సీలో. 41 ఆవు జాతులు, 13 గేదె జాతులు అంతరించకుండా చూడాలని పెట్టుకున్నారు.

నెల్లూరు సీమలో అడుగడుగునా కనిపించే కండ్రిగ కూడా ఇలాంటి ముక్క ఊరే. పెద్ద గ్రామంలోంచి ఇనాంగా కోసి ఇచ్చిన భూమి ఖండిక, అదే కండ్రిగ అయిందంటారు. 2014 నవంబరులో సచిన్ టెండూల్కర్ ఎంపీగా దత్తత తీసుకున్న గూడూరు దగ్గరి పుట్టంరాజువారి కండ్రిగ ఈ కోవలోదే. అది నెర్నూరు పంచాయతీలో ఒక పల్లె. సచిన్ వచ్చాక దేశమంతా దాని పేరు తెలిసింది. అందరికీ సచిన్ దొరకడు కదా.

ఇక తిరగేసి చూస్తే, లెక్కలో ఉండీ మనుషులు లేని ఊళ్లున్నాయి. రెవెన్యూ రికార్డుల్లో వాటిని బేచిరాక్ గ్రామాలంటారు. పారసీలో చిరాగ్ అంటే దీపం. దీపం వెలగని ఊరు! సర్కారు కాగితాల్లో ఇంత కవిత్వమున్న మాట ఇంకోటి నాకు తగల్లేదు. కరువో, కలరానో, దొంగల భయమో, జనం లేచిపోయారు, పొలిమేర రాళ్లు మిగిలాయి. 2011లో దేశంలోని 6 లక్షల 40 వేల పైచిలుకు గ్రామాల్లో 43 వేలకు పైగా ఇలాంటివే. ఆ పాత ఊరి దిబ్బను పాటిదిబ్బ అంటారు. ఇళ్ల గోడలు, బూడిద, పెంట అన్నీ మగ్గిన ఆ పాటిమన్నును రైతులు బండ్లతో తోలుకుని చేలో చల్లుకునేవాళ్లు. ఒక ఊరు పోయినా ఇంకో ఊరి పైరుకు అలా ఎరువైంది.

ఇంకో తికమక. కడప జిల్లాలోనూ ఒక కొండాపురం మండలముంది. గండికోట జలాశయం ముంపు వార్తల్లో వచ్చింది అది. ఇది కాదు.

రాబోయే జనగణనకు లెక్క తేదీ 2027 మార్చి 1. మీ ఇంటికి వచ్చిన ఎన్యూమరేటరును ఒక్క మాట అడగండి: మా పల్లెను ఏ రెవెన్యూ గ్రామం కింద రాస్తున్నారు? తలుపుకు తాళం వేసి బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్నవాళ్లు అక్కడైనా తప్పకుండా రాయించుకోండి.