మచ్చు తీసిన చప్పుడు ఎవరి సొత్తు?

చెవిన పడిన చప్పుడును పట్టి దాచి, ఏ స్వరంలో కావాలంటే ఆ స్వరంలో పలికించే యంత్రం పేరు శాంప్లర్. అది రైలు కూత కావచ్చు, రోకటి పోటు కావచ్చు, డప్పు దెబ్బ కావచ్చు. ఒక్క దెబ్బ దొరికితే చాలు, దానితో పాట మొత్తానికి దరువు కట్టవచ్చు. ఒకప్పుడు సామాన్య సంగీతకారుడికి అందని ధర పలికిన ఈ యంత్రం ఇప్పుడు జానెడు ఎత్తు కూడా లేని పలకలో ఇమిడిపోయింది. సంగీతానికి దీనివల్ల మేలే జరిగింది. అయితే మొదట ఆ దెబ్బ కొట్టిన మనిషికి దక్కిందేమిటన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

ట్రాక్టరు లాంటి వాయిద్యం

హార్మోనియంలో గాలి తగిలి రీడు పలుకుతుంది. సింథసైజర్‌లో ధ్వనిని పుట్టించేది విద్యుత్తు. అందులో మాడ్యులర్ సింథసైజర్ అంటే విడివిడి భాగాలతో ఎవరికి వారు కూర్చుకునే వాయిద్యం. ట్రాక్టరు ఒకటే అయినా దున్నేటప్పుడు నాగళ్లు, నేల గుల్ల చేసేటప్పుడు గొర్రు, ధాన్యం తోలేటప్పుడు ట్రక్కు తగిలిస్తారు. ఇదీ అంతే. ఒక మాడ్యూల్ ధ్వనిని పుట్టిస్తుంది. ఇంకొకటి దాన్ని జల్లెడ పడుతుంది. మరొకటి తాళం వేస్తుంది. వీటన్నిటినీ చిన్న చిన్న తీగలతో కలుపుతారు. ఏ తీగ ఎక్కడ గుచ్చాలన్నది వాయించేవారి ఇష్టం.

జర్మనీకి చెందిన డీటర్ డోప్‌ఫర్ 1990ల నడుమ ఈ మాడ్యూళ్లకు ఒక కొలత పెట్టాడు. ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, అంటే సుమారు 5 అంగుళాలు. మిగిలిన తయారీదారులూ చాలామంది అదే కొలత పట్టుకున్నారు. అందువల్ల ఒక కంపెనీ మాడ్యూల్ మరో కంపెనీ చట్రంలో బిగుసుకుంటుంది. ఈ పద్ధతికి యూరోర్యాక్ అని పేరు. తీగలో వచ్చే విద్యుత్తు ఒక్క వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి ఎక్కుతుంది. అంటే మంద్రంలోని ‘స’ మధ్యమ స్థాయి ‘స’ అవుతుంది.

గింజల మచ్చు, ధ్వని మచ్చు

శాంపిల్ అన్న మాట రైతులకు తెలియనిది కాదు. మార్కెట్ యార్డులో బస్తాలోంచి గుప్పెడు గింజలు మచ్చు తీసి, ఆ గుప్పెడును బట్టి రాశికి ధర కడతారు. శాంప్లర్ చేసేదీ అటువంటి పనే. ధ్వని అంటే గాలిలో పుట్టే అదురు. ఆ అదురు ఏ క్షణంలో ఎంత ఉందో యంత్రం కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. సీడీలో ఎక్కించిన పాటకు సెకనుకు 44,100 సార్లు ఇలా మచ్చు తీస్తారు. ఆ అంకెలను వరుసగా చదివిస్తే చప్పుడు మళ్లీ వినిపిస్తుంది.

ఎన్నిసార్లు కొలిచారన్నదే కాదు, ఎంత సన్నంగా కొలిచారన్నదీ ముఖ్యమే. 8 బిట్ల యంత్రం అదురును 256 మెట్ల నిచ్చెనతో కొలుస్తుంది. 16 బిట్ల యంత్రానికి 65,536 మెట్లుంటాయి. మెట్లు తక్కువైతే ధ్వని గరుకుగా ఉంటుంది. డోప్‌ఫర్ తెచ్చిన ఏ-112 అనే శాంప్లర్ మాడ్యూల్ 8 బిట్లదే. ఆ గరుకుతనమే కావాలని అడిగే సంగీతకారులూ ఉన్నారు.

స్వరం మార్చే కిటుకు పాత గ్రామఫోన్‌లో ఉన్నదే. పెళ్లి పందిట్లో 33 స్పీడు ప్లేటును పొరపాటున 45లో తిప్పితే గాయకుడి గొంతు కీచుగా మారిపోయేది. వేగం సరిగ్గా రెట్టింపైతే స్వరం ఒక స్థాయి పెరుగుతుంది. రెండు సెకన్ల చప్పుడు ఒక్క సెకనులో ముగుస్తుంది.

ఈ చిక్కుకు కొత్త మాడ్యూళ్లలో విరుగుడు దొరికింది. ధ్వనిని గింజలంత ముక్కలుగా తరిగి, ముక్కల వరుసను, స్వరాన్ని వేర్వేరుగా నడుపుతారు. అమెరికాలోని ఆష్‌విల్‌లో ఉన్న మేక్ నాయిస్ సంస్థ 2017లో తెచ్చిన మార్ఫజీన్ ఇటువంటిదే. దాదాపు 2.9 నిమిషాల ధ్వనిని పట్టి, దాన్ని 300 భాగాల వరకు విడగొట్టే వీలు అందులో ఉంది. స్వరం మారకుండా పాటను సాగదీయవచ్చు. ఒకే చోట నిలిపి తిప్పుతూ ఉండనూ వచ్చు.

ముల్లు ఇరుక్కున్న రికార్డు

రికార్డు గీసుకుపోతే ముల్లు ఒకే గాడిలో తిరిగి అదే ముక్క మళ్లీ మళ్లీ పాడుతుంది. అందరూ విసుక్కునే ఆ లోపాన్నే విద్యగా మలిచినవాడు ఫ్రెంచి రేడియోలో పనిచేసిన పియెర్ షెఫర్. ఆయన పారిస్‌లోని బటిన్యోల్ స్టేషన్‌లో రైలింజన్ల చప్పుళ్లు రికార్డు చేశాడు. వాటిని తిప్పి, మలిపి ఒక సంగీత రచనగా కూర్చాడు. 1948లో అది రేడియోలో ప్రసారమైంది. వాయిద్యం ఒక్కటీ లేకుండా చప్పుళ్లతోనే సంగీతం అల్లవచ్చని శ్రోతలు విన్నారు. తరువాత 1950ల మొదట్లో ఆయన బృందం ఫోనోజీన్ అనే టేపు యంత్రం చేసింది. దాని 12 మెట్లలో ఏది నొక్కితే టేపు ఆ వేగంతో నడిచి ఆ స్వరం పలికేది. మేక్ నాయిస్ సంస్థ మార్ఫజీన్‌కు ముందు తెచ్చిన మాడ్యూల్‌కు ఈ పేరే పెట్టింది.

టేపు పోయి అంకెలు వచ్చింది 1979లో. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ కలిసి ఫెయిర్‌లైట్ అనే కంప్యూటరు వాయిద్యం తెచ్చారు. వారు మొదట తలపెట్టింది ధ్వనిని లెక్కలతో పుట్టించాలని. అది కుదరక, రేడియోలో వస్తున్న పియానో వాదనలోంచి సుమారు ఒక సెకను ధ్వనిని పట్టి వోగెల్ వేర్వేరు స్వరాల్లో పలికించి చూశాడు. లెక్కలతో పుట్టించిన దానికన్నా అదే అసలు పియానోకు దగ్గరగా వినిపించింది. ఆ సెకనును పియానో మీద పలికించిన వేళ్లు మాత్రం మరొకరివి.

ఏడు సెకన్ల దెబ్బ

ఈ విద్యలోని తగువు ఎంతవరకు పోతుందో తెలియాలంటే గ్రెగరీ కోల్‌మన్ కథ వినాలి. ఆయన అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బృందంలో డ్రమ్ములు వాయించేవాడు. 1969లో ఆ బృందం ‘ఆమెన్, బ్రదర్’ అనే రికార్డు చేసింది. నడుమ మిగిలిన వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. ఏడు సెకన్ల పాటు కోల్‌మన్ డ్రమ్ముల దరువు ఒక్కటే నడుస్తుంది.

1980ల్లో శాంప్లర్ల ధర దిగివచ్చాక ఆ ఏడు సెకన్లను పట్టనివారు లేరు. అమెరికాలోని ర్యాప్ పాటలకు, ఇంగ్లండులో పుట్టిన జంగిల్, డ్రమ్ అండ్ బాస్ సంగీతాలకు అదే దరువు పునాది అయింది. వేల పాటల్లో, ప్రకటనల్లో అది మోగింది. కోల్‌మన్‌కు రాయల్టీగా పైసా అందలేదు. ఆయన 2006లో చనిపోయాడు. చివరి రోజుల్లో నిలువ నీడ కూడా లేకుండా పోయిందని బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్ చెప్పాడు. రికార్డు హక్కులున్న స్పెన్సర్‌కే ఈ వాడకం సంగతి 1996 దాకా తెలియదు. తెలిసేసరికి దావాకు గడువు దాటిపోయింది. 2015లో ఇంగ్లండులోని సంగీతాభిమానులు చందాలెత్తి 24,000 పౌండ్లు స్పెన్సర్‌కు అందజేశారు. కోల్‌మన్ అప్పటికి లేడు.

కోర్టులు ఈలోగా మేల్కొన్నాయి. ఒక ర్యాప్ గాయకుడు మరొకరి పాటలోని ముక్కను అనుమతి లేకుండా వాడుకున్న కేసులో, 1991లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు వాడినవారికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అప్పటినుంచి పెద్ద కంపెనీలు ముందే అనుమతి అడిగి, డబ్బు కట్టడం మొదలుపెట్టాయి.

పల్లె కళాకారుడికీ హక్కుంది

ఇప్పుడు శాంపిల్ తీయడానికి పెద్ద యంత్రమే అక్కర్లేదు. జేబులో సెల్‌ఫోను చాలు. డప్పు, ఒగ్గుడోలు, జముకు, బుర్రకథ వంత, వీటిలో దేన్నయినా జాతరలో పట్టి, ఆ రాత్రికే ఎంత దూరమైనా పంపవచ్చు. అందుచేత చట్టం ఏమంటోందో కళాకారులు తెలుసుకోవడం అవసరం.

1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో జరిగిన సవరణతో మన దేశంలో ప్రదర్శకులకు హక్కులు వచ్చాయి. ప్రదర్శకుడు అంటే సినిమా గాయకుడే కాదు. వాద్యకారుడు, నర్తకుడు, గారడీవాడు, చివరికి పాములాడించేవాడి పేరు కూడా చట్టంలో రాసి ఉంది. వారి సమ్మతి లేకుండా ప్రదర్శనను రికార్డు చేయడం హక్కుకు భంగమే. ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం మొదలుకొని 50 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. సొంతానికి వినడానికి, బోధనకు, పరిశోధనకు రికార్డు చేసుకుంటే మినహాయింపు ఉంది. వ్యాపారానికి వాడితే రాయల్టీ పొందే హక్కును 2012 సవరణ కల్పించింది.

తాతల నాటి దరువు ఒక్కరి సొత్తు కాదు, ఎవరైనా నేర్చుకుని వాయించవచ్చు. కానీ ఫలానా రోజున ఫలానా మనిషి వాయించిన వాయింపు ఆ మనిషిదే. శాంప్లర్ పట్టేది దాన్నే.

ఇందులో ఒక మెలిక ఉంది. సినిమాలో చేర్చడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్న తరువాత, అందుకు ఎదురు షరతు రాసుకోకపోతే, ఆ సినిమాలో నిర్మాత దాన్ని వాడుకోవడంపై అభ్యంతరం చెప్పడం కుదరదు. కనుక వేలిముద్రో సంతకమో వేసే ముందే కాగితాన్ని నమ్మకమైన వారిచేత చదివించుకోవాలి. రికార్డు దేనికోసం, ఎన్నిటిలో వాడతారు, పేరు వేస్తారా, ఎంత ఇస్తారు అన్న నాలుగు మాటలు అందులో ఉండాలి. ఒక ప్రతి కళాకారుడి ఇంట్లోనూ ఉండాలి.