కంకుభట్టు చూపు

విరటుని కొలువుకూటమున కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడు భీముని చూపు ఎదుటనున్న చెట్టుపై పడెను. దానిని పెరికి కీచకుని మోదవలెనని అతని తలంపు. అజ్ఞాతవాసము బయటపడినచో మరల పండ్రెండేండ్లు అడవి తప్పదు. ఆ చూపులోని అర్థమును గ్రహించినవాడు కంకుభట్టు వేషముననున్న ధర్మరాజు. "కోపము మాను" అని అతడనలేదు. అన్నచో గుట్టు రట్టగును. పండ్లతో, నీడతో పలువురికి ప్రాపైన ఈ చెట్టేల, వంటవానికి వేరొకచోట కట్టెలు దొరకవా అన్న భావమున పలికెను. తిక్కన చేతిలో ఆ పలుకు సభవారికి వంటకట్టెల మాట, భీమునికి ఆజ్ఞ.

తన భావమును, ఎదుటివాని భావమును గుర్తించి, ఆ ఎఱుకతో ఆలోచించి నడచుకొనుటను ఒక ప్రత్యేక ప్రజ్ఞగా 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు నిర్వచించిరి. 1995లో డేనియల్ గోల్‌మన్ గ్రంథము దానిని లోకమున చాటెను. మన ఉపాధ్యాయులు 'ఉద్వేగ ప్రజ్ఞ' అని చదువుకొన్నది ఇదియే. భావముల విభజన మనకు క్రొత్త కాదు. భరతుడు సంచారీభావములనే 33గా లెక్కించెను. ఆ లెక్కను పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనుట మాత్రము వేఱు సంగతి.

అయితే ధర్మరాజును ఇంతటితో మెచ్చి ఊరకుండుట నాకు సమ్మతము కాదు. భీముని మనస్సు చదివినవాడే ద్రౌపదితో, నటివలె సభలో నిలువక పొమ్మని కఠినముగా పలికెను. తన భర్తయే నటుడు, జూదరి అని ఆమె బదులిచ్చెను. అవమానపడినవారిని నోరు మూసికొమ్మనుటయే ఈ ప్రజ్ఞ అని నేడును ఇండ్లలో, కార్యాలయములలో కొందఱు భ్రమపడుదురు. నా దృష్టిలో అది నిండుగా కలది ద్రౌపది. ఆమె కోపమును విడువలేదు, రాత్రి వఱకు దాచుకొన్నది. వంటశాలకు పోయి భీముని లేపినది. కీచకుని నర్తనశాలకు రప్పించు ఉపాయము అక్కడనే పుట్టినది. గుట్టును నిలిచినది, న్యాయమును జరిగినది.

ఈ ఘట్టమునే నేను 2023 డిసెంబరులో తరగతిలో చెప్పుచుంటిని. ఆ నెల 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గఱ తీరము దాటెను. తెనాలి ప్రాంతమున వరి నీట మునిగెను. కొలకలూరు నుండి వచ్చు విద్యార్థియొకడు చివరి బల్లపై కునికిపాట్లు పడుచుండెను. "భీముడు నీకంటె మేలు, చెట్టునైనను చూచినాడు" అంటిని. తరగతి నవ్వినది. అతడు తల వంచుకొనెను. అప్పుడు నాలో ఉన్నది కోపము కూడ కాదు. పదుగురిని నవ్వింపవలెనను ముచ్చట.

గంట మ్రోగి అందఱును పోయిన తరువాత అతని ప్రక్కన కూర్చుండు బాలుడు నాయొద్దకు వచ్చి, "రాత్రంతా వాళ్ల నాన్నతో పొలంలోనే ఉన్నాడండీ. పనలు గట్టుమీదికి మోశారు" అని మెల్లగా చెప్పెను. ఆ మాట నలుగురి ఎదుట చెప్పకుండ ఆగిన నేర్పు నాకు గంటసేపు పాఠము చెప్పినను రాలేదు.

మఱునాడు తరగతికి ముందే ఆ విద్యార్థిని వరండాలో కలిసికొని, నిన్నటి మాట నా తప్పని చెప్పితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "గింజ మొలకొచ్చిందండీ" అనెను. ఎన్ని ఎకరములు, కౌలా, సొంతమా అని అడిగితిని. ఆనాడు పాఠము పది నిమిషములు ఆలస్యముగా మొదలైనది.