రాజాం ఏ జిల్లా?

రాజాం ఏ జిల్లాలో ఉంది? 2022 ఏప్రిల్ 3న అడిగితే శ్రీకాకుళం. మర్నాడు అడిగితే విజయనగరం. అదే రోజు పాలకొండ శ్రీకాకుళం నుంచి, సాలూరు విజయనగరం నుంచి విడిపోయి కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో కలిశాయి. ఇన్నేళ్లు సిక్కోలు (శ్రీకాకుళం) జిల్లా అన్న నోటికి కొత్త పేరు అంత తొందరగా అలవాటు కాదు. వినేది ఊరి మనిషైతే సర్దుకుంటాడు. వినేది ఏఐ ఏజెంట్ అయితే, ఆ సంగతి ఎవరో ఒకరు దానికి ముందే రాసిపెట్టాలి.

ఏజెంట్ అంటే మాటకు మాట చెప్పి ఊరుకునే చాట్‌బాట్ కాదు. రికార్డు వెతుకుతుంది, ఫారం నింపుతుంది, టికెట్ తీస్తుంది. ఒక్కో పనికి ఒక్కో ప్రోగ్రాం ఉంటుంది. వాటినే టూల్స్ అంటారు. మామూలుగా ఆ ప్రోగ్రాం లోపల ఏముందో ఏజెంట్‌కు కనిపించదు. టూల్ పేరు, అదేం చేస్తుందో చెప్పే నాలుగు వాక్యాలు, దానికి ఏ వివరాలు అందించాలో చెప్పే జాబితా: ఏజెంట్ ముందుండేవి ఇవే. ఆ నాలుగు వాక్యాలు తికమకగా ఉంటే ఎంత తెలివైన ఏజెంట్ అయినా తప్పు టూల్‌ను పట్టుకుంటుంది.

నరసన్నపేట దగ్గర ఒక రైతు "నా భూమి కాగితం కావాలి" అన్నాడనుకుందాం. ఏ కాగితం? సర్వే నంబరు వారీగా ఎవరు సాగు చేస్తున్నారో, ఏ పంట వేశారో చూపేది అడంగల్. ఖాతాదారు పేరిట ఆ ఊళ్లో ఉన్న భూమంతా ఒకచోట చూపేది 1బి. ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు తెలిపేది ఈసీ; అది రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చేది. మూడు టూల్స్‌కూ "భూమి వివరాలు తెస్తుంది" అని రాసి వదిలేస్తే ఏజెంట్ చేసేది ఊహే. అలా కాక అడంగల్ టూల్‌కు "సాగు, పంట వివరాలకు దీన్ని వాడాలి. తనఖా ఉందో లేదో తెలుసుకోవడానికి వాడకూడదు, అందుకు ఈసీ చూడాలి. గ్రామం, సర్వే నంబరు తప్పనిసరి. రైతుకు ఏది కావాలో తేలకపోతే ముందు అడగాలి" అని రాస్తే దారి తప్పే అవకాశం బాగా తగ్గుతుంది. ఎప్పుడు వాడకూడదో చెప్పే వాక్యం చాలామంది రాయరు. అన్నిటికన్నా అవసరమైనది అదే.

కొలతల సంగతి ఇంకా సున్నితం. విస్తీర్ణం 1.20 అని ఉంటే విజయనగరంలో అది ఎకరా 20 సెంట్లు. తెలంగాణలో ఎకరా 20 గుంటలు అనుకుంటారు; గుంటలు 40 అయితే ఎకరా కాబట్టి అది ఎకరంన్నర. అంకె ఒక్కటే, మధ్యలో 30 సెంట్ల తేడా. పేర్లూ అంతే. ఇక్కడి అడంగల్ అక్కడ పహాణీ. ఇవీ టూల్ వివరణలో ఉండాలి.

పెద్ద కంపెనీలకూ ఈ ఇబ్బంది తప్పలేదు. ఆంత్రోపిక్ కంపెనీ ఏఐ మోడల్ క్లాడ్‌కు వెబ్ సెర్చ్ ఇచ్చిన కొత్తలో అది అవసరం లేకపోయినా ప్రశ్నల చివర "2025" తగిలించేదట. టూల్ వివరణ మెరుగుపరిచి దాన్ని దారిలో పెట్టామని ఆంత్రోపిక్ ఇంజనీర్లు రాశారు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో "మన మిత్ర" వాట్సాప్ పాలన మొదలుపెట్టింది. ఇలాంటి సేవలు మెనూలు దాటి మామూలు మాటను అందుకునే కొద్దీ ఈ రాత పని పెరుగుతుంది. అర్థమయ్యేలా రాయడం ఉత్తరాంధ్రకు కొత్త పని కాదు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పాఠం చదివేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలని దశాబ్దాల పాటు పోరాడారు. సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తాను సవర భాష నేర్చుకున్నారు, ఆ తర్వాతే పుస్తకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది.

అందుకే టూల్ వివరణను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఒక్కడికే వదిలేయడం సరికాదు. పక్కన ఒక వీఆర్వో, ఒక మీసేవ ఆపరేటర్ కూర్చోవాలి. జనం ఏ కాగితాన్ని ఏ పేరుతో అడుగుతారో, రాజాం వాళ్లు ఇంకా ఏ జిల్లా పేరు చెబుతారో వాళ్లకే తెలుసు.